ప్లాన్‌లో గీసిన బడి ఎప్పుడు తెరుస్తారు?

మొత్తం ఊరిని ముందే కాగితం మీద గీసి, ఫేజుల వారీగా కట్టుకుంటూ పోయే శివారు టౌన్‌షిప్పుల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. బడి, బస్సు, చెరువు, క్లబ్‌హౌస్... అడిగినవి వేరువేరే అయినా తిరకాసు దాదాపు ఒక్కచోటే ఉంది. ఏది ఎక్కడుందో అందరూ చూస్తున్నారు. ఏది ఎప్పుడొస్తుందో, వచ్చాక ఎవరు నడుపుతారో ఎవరూ అడగడం లేదు.

ప్రశ్న: బ్రోచర్‌లోని రంగుల ప్లాన్ ప్రకారం మేం చూసుకున్న ఇంటికి బడి, పార్కు, స్టేషన్ అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: ముందు బ్రోచర్ పక్కన పెట్టి, ప్రణాళికా అధికారులు ఆమోదించిన ప్లాన్ నకలు తెచ్చుకోండి. బ్రోచర్‌లోది అమ్మకం కోసం వేసిన బొమ్మ. అసలు ప్లాన్ మూలన ఉండే పట్టీలో సవరణ సంఖ్య, తేదీ చూడండి. బ్రోచర్ పాత సవరణ మీద ఆధారపడి ఉంటే బడి స్థలం ఇప్పటికే మరో మూలకు జరిగిపోయి ఉండొచ్చు. తర్వాత గుర్తుల పట్టిక చదవండి. బడి స్థలం మీద ‘ప్రతిపాదిత’ అనో ‘సూచనాత్మకం’ అనో ఉంటే అది ఎవరూ ఎవరికీ ఇచ్చిన మాట కాదు. ‘కేటాయించిన స్థలం’ అని ఉంటే నేల ఉందని అర్థం, కట్టడానికి డబ్బుందని కాదు. ఆ మీదట ఫేజుల గీతలు చూడాలి. మీ ఇల్లు ఒకటో ఫేజులో, బడి నాలుగో ఫేజులో ఉంటే, ఇప్పుడు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల ఆ బడి మెట్లు ఎక్కకుండానే ప్రైమరీ దాటిపోవచ్చు.

ఆమోద పత్రానికి జతచేసిన షరతుల్లో “800వ ఇల్లు అప్పగించేలోపు బడి తెరవాలి” లాంటి వాక్యం ఉందేమో వెతకండి. సంఖ్యతో ముడిపెట్టిన షరతుకే బలం. “అవసరాన్ని బట్టి”, “పరిస్థితులను అనుసరించి” అని ఉంటే ఏమీ లేనట్టే లెక్క.

ఇక దూరం. 1:5000 ప్లాన్‌లో ఒక సెంటీమీటరు 50 మీటర్లు. కానీ ప్రింటు తీసేటప్పుడు కాగితం సైజు మారితే ఆ లెక్క చెడుతుంది కాబట్టి, ప్లాన్ మీదే గీసి ఉన్న కొలత పట్టీతో సరిచూసుకోండి. సూటిగా కొలవొద్దు. ఒక దారం తీసుకుని, ఇంటి గేటు నుంచి బడి గేటు వరకు కాలిబాట వెంబడి పరచి, ఆ దారాన్ని కొలవండి. 400 మీటర్లంటే పెద్దవాళ్లకు 5 నిమిషాల నడక, చేయి పట్టుకుని నడిచే పిల్లతో ఏడెనిమిది. గళ్లగళ్లుగా వీధులున్నచోట నడక దూరం సూటి దూరం కంటే సగటున సుమారు పాతిక శాతం, ఎక్కువలో ఎక్కువ నలభై శాతం దాకా పెరుగుతుంది. మెలికలు తిరిగి చివర మూసుకుపోయే వీధులున్నచోట రెట్టింపు కావచ్చు, ఒక్కోసారి మూడింతలూ కావచ్చు. బ్రోచర్‌లో స్టేషన్ చుట్టూ గీసే “5 నిమిషాలు” వలయం కాకులకు సరిపోతుంది.

ప్రశ్న: మా టౌన్‌షిప్‌లో మొత్తం 4,000 ఇళ్లు. ప్లాన్‌లో ఒకే ఒక్క ప్రైమరీ స్కూలు ఉంది. చాలుతుందా? సరిపోతుందో లేదో మేమే లెక్కేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు, పెద్ద కష్టం కూడా కాదు. ఇప్పటికే జనం చేరిన వీధుల్లో ఒక 100 ఇళ్లు తిరిగి, ప్రైమరీ వయసు పిల్లలు ఎంతమందో, అంతకంటే చిన్నవాళ్లు ఎంతమందో రెండు అంకెలుగా రాసుకోండి. వందిళ్లకు 30 మంది ప్రైమరీ పిల్లలు తేలారనుకుందాం. 4,000 ఇళ్లకు 1,200 మంది. అయిదు తరగతుల బడి, సెక్షన్‌కు 30 మంది అయితే 40 సెక్షన్లు, అంటే తరగతికి ఎనిమిది. తరగతికి రెండు సెక్షన్ల మామూలు బడిలో పట్టేది 300 మంది. అలాంటివి నాలుగు కావాలి, లేదా 40 గదుల బడి ఒకటి కావాలి. ప్లాన్‌లో ఉన్న ఆ ఒక్క బడికి ఎన్ని గదులో అడిగితే మీ ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది.

ఒక్క బడిని మధ్యలో పెట్టి చుట్టూ ఇళ్లు కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ 1929లో న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళిక కోసం రాసిన ‘నైబర్‌హుడ్ యూనిట్’ అదే. సుమారు 160 ఎకరాల్లో, ఒక ప్రైమరీ స్కూలును నిలబెట్టగలిగేంత జనం, పెద్ద రోడ్లు యూనిట్ అంచుల్లో, దుకాణాలు మూలల్లో. ఈనాటి ప్లాన్లు చాలావాటికి పునాది అదే. అయితే ఆయన జనసంఖ్యను బడిని బట్టి నిర్ణయించాడు. మన దగ్గరికొచ్చే ప్లాన్లలో ఇళ్ల సంఖ్య ముందు తేలుతుంది, మిగిలిన మూలలో బడి ఇరుకుతుంది.

దీనికంటే పెద్ద చిక్కు ఒకే వయసు పిల్లలు అలలా ఒక్కసారిగా రావడం. పాత ఊళ్లో అన్ని వయసులవాళ్లూ కలగలిసి ఉంటారు, ఏటా బడిలో చేరేవాళ్ల సంఖ్య పెద్దగా మారదు. కొత్త టౌన్‌షిప్‌లో ఒకే వయసు జంటలు రెండుమూడేళ్ల తేడాతో దిగుతారు. వాళ్ల పిల్లలంతా ఒకేసారి ఒకటో తరగతికి వస్తారు. అయిదారేళ్ల తర్వాత అదే అల హైస్కూలును తాకుతుంది, ఆపై ప్రైమరీ ఖాళీ అవుతుంది. టోక్యో శివారున టామా న్యూటౌన్‌లో 1971లో జనం దిగడం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో పిల్లలు తగ్గి అక్కడ బడులు మూతబడ్డాయి. అందుకని బడి కట్టేటప్పుడు హాలు, మరుగుదొడ్లు, నీటి లైను, ఆటస్థలం ఆ అల బాగా పెరిగిననాటి సంఖ్యకు సరిపోయేలా కట్టి, గదుల్లో కొన్నిటిని మాత్రం తీసేసే రకం తాత్కాలిక గదులుగా పెట్టడం తెలివైన పద్ధతి. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు. తాత్కాలిక గదులు తెచ్చి ఆటస్థలంలోనే దింపుతారు, మరుగుదొడ్లు మాత్రం మొదటి 300 మందికి కట్టినవే. మధ్యాహ్నం క్యూ ఎందుకంత పొడుగో అప్పుడు అర్థమవుతుంది.

మీరు బడివాళ్లను అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. కొత్త బడి అన్ని తరగతులతో తెరుస్తారా, చిన్న తరగతులతో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి పెంచుతారా? రెండోదైతే మీ పెద్దవాడు మూడో తరగతిలో ఉంటే వాడికి ఆ బడి ఎప్పటికీ అందదు, ఎప్పుడూ వాడి వెనకే నడుస్తుంది. రెండో బడి తెరిచాక హద్దులు మార్చితే, ఇప్పటికే చదువుతున్న పిల్లల్ని ఉన్నచోటే ఉంచుతారా, వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ అక్కడే చేరొచ్చా? ఇది రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: బడి ముందు రోడ్డు వెడల్పుగానే ఉంది. అయినా పొద్దున అరగంట పాటు కదలదు. రోడ్డు ఇంకా పెంచితే తీరుతుందా?

జవాబు: తీరదు. ఇరుక్కుంటున్నది రోడ్డు వెడల్పు దగ్గర కాదు, పిల్లల్ని దింపే అంచు దగ్గర. 600 మంది పిల్లల్లో సగం కార్లలో వస్తున్నారనుకోండి. కారుకు సగటున 1.3 మంది చొప్పున సుమారు 230 కార్లు. ఇవన్నీ 20 నిమిషాల్లో వస్తే నిమిషానికి పదకొండు పన్నెండు. గేటు ముందు పది కార్లు ఆగే చోటుందనుకుందాం. ఒక్కో కారు ఆగి, సంచీ అందించి, మళ్లీ కదలడానికి నిమిషం దాటుతుంది. ముందు కారు కదలనిదే వెనకది రాలేదు కాబట్టి ఆచరణలో నిమిషానికి ఏడుకు మించి పోవు. మిగిలినవి పోగుపడి 20 నిమిషాలు అయ్యేసరికి 90 కార్ల వరుస. కారుకు 7 మీటర్లు వేసినా 630 మీటర్లు. రోడ్డు పెంచితే ఆ వరుస రెండు వరుసలవుతుంది, పిల్లలు కార్ల మధ్య నుంచి దిగి దాటుతారు. అది ఇంకా ప్రమాదం.

చేయాల్సింది వరుసను విడగొట్టడం. బడికి రెండు మూడు వైపుల గేట్లు తెరిపించండి; వెనక వైపు పార్కులోకి గేటు ఒకటుంటే నడిచొచ్చేవాళ్లు ముందు రోడ్డు తొక్కనే తొక్కరు. చిన్న తరగతులకు, పెద్ద తరగతులకు ప్రారంభ సమయంలో 20 నిమిషాల తేడా పెట్టించండి. 300 మీటర్ల అవతల ఏ పార్కింగో ఉంటే అక్కడ దింపి, పెద్దవాళ్లు ఇద్దరు గుంపుగా నడిపించుకొచ్చే ఏర్పాటు చేయండి. గేటు ఎదుట జీబ్రా గీతలు రోడ్డు మట్టంలో కాకుండా కాలిబాట ఎత్తుకు లేపి వేయాలి, అప్పుడు బండి వేగం దానంతటదే తగ్గుతుంది. 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన రాడ్‌బర్న్ అనే ఊళ్లో పిల్లలు బడికి వెళ్లేటప్పుడు పెద్ద రోడ్డు దాటే పని లేకుండా కిందనుంచి దారి కట్టారు. దారుల్ని ఇంత విడదీయడం ఇళ్లు కట్టకముందు సులువు, కట్టాక దాదాపు అసాధ్యం. మీ టౌన్‌షిప్‌లో ఇంకా కట్టని ఫేజులుంటే ఇప్పుడే అడగండి.

ప్రశ్న: రైల్వే స్టేషన్ వస్తుందని చెప్పి అమ్మారు. ప్రస్తుతానికి గంటకో బస్సు. అదీ ఖాళీగా పోతోందని తగ్గిస్తామంటున్నారు. జనం ఎక్కకపోతే బస్సు ఎలా నిలుస్తుంది మరి?

జవాబు: గంటకో బస్సును నమ్మి ఎవరూ బయల్దేరరు. ఒకటి తప్పిపోతే గంట పోతుంది. అందుకే జనం ఎక్కరు, ఎక్కరు కాబట్టి తగ్గిస్తారు, తగ్గించాక మిగిలిన నలుగురూ బండి కొనుక్కుంటారు. కొత్త ఇంట్లోకి దిగిన తొలి నెలల్లో కుటుంబం ప్రయాణం అలవాటు చేసుకుంటుంది. ఆ నెలల్లో బస్సు లేకపోతే రెండో కారు వస్తుంది. కారు కొన్నాక నాలుగేళ్లకు బస్సొచ్చినా పెద్దగా ఎక్కరు. కనుక బస్సు ఖాళీగా ఉండే కాలాన్ని టౌన్‌షిప్ ఖర్చుల్లో భాగంగా, తాగునీటి లైనులాగా, ముందే లెక్కగట్టాలి.

స్టేషన్ విషయంలో ఊళ్లు ఎంత వేరుగా నడిచాయో చూడండి. స్టాక్‌హోమ్ శివారు వెల్లింగ్‌బీకి మెట్రో 1952లోనే వచ్చింది. ఊరి కేంద్రం 1954లో ప్రారంభమైంది. పట్టాలు ముందు, దుకాణాలు తర్వాత. టామాలో జనం దిగిన మూడేళ్లకు, 1974లో రైలొచ్చింది. ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌ను 1967లో ప్రకటించారు, నగర కేంద్రం స్టేషన్ 1982లో తెరిచారు. వాషింగ్టన్ శివారు రెస్టన్ 1964లో మొదలైంది. మెట్రో ఊరి అంచుకు 2014లో, టౌన్ సెంటర్‌కు 2022లో చేరింది. రెస్టన్‌లో పేరున్న ప్రణాళిక, మంచి పార్కులు, అన్నీ ఉన్నాయి. మెట్రోకు మాత్రం యాభయ్యేళ్లు పట్టింది. స్టేషన్ “వస్తుంది” అని చెప్పిన వాళ్లను ఒకటే అడగండి: లైనుకు డబ్బు మంజూరైందా, భూసేకరణ అయిందా, లేక గీత గీసి ఉందా?

బస్సుల లెక్క ఇంత రహస్యమేమీ కాదు. పోయి రావడానికి 50 నిమిషాలు, చివర్లో విరామం 10 నిమిషాలు అయితే మొత్తం 60. ప్రతి 15 నిమిషాలకూ ఒకటి కావాలంటే 60ని 15తో భాగించండి: నాలుగు బస్సులు, చెడిపోతే వాడటానికి అదనంగా ఒకటి. ఇప్పుడు “మా వీధిలోకి కూడా రావాలి” అని రెండు మూడు కాలనీలవాళ్లు అడిగి దారిని మెలికలు తిప్పితే, పోయిరావడం 15 నిమిషాలు పెరిగి అయిదో బస్సు కావాలి. డబ్బు లేకపోతే అవే నాలుగు బస్సులు 19 నిమిషాలకొకటి తిరుగుతాయి. అందరి గుమ్మం ముందుకూ వచ్చే బస్సు ఎవరికీ సమయానికి రాదు. ప్రతి ఇంటికీ 400 మీటర్లలోపు ఒక స్టాపు ఉండేలా సూటిగా సాగే ఒకటే దారి మేలు. ఒకే వైపు తిరిగే గుండ్రటి దారి ప్లాన్‌లో అందంగా ఉంటుంది కానీ, పొద్దున 6 నిమిషాల్లో స్టేషన్ చేరినవాడు సాయంత్రం ఊరంతా చుట్టి 25 నిమిషాలకు ఇల్లు చేరతాడు.

రైలుకు అందించే ఫీడర్ బస్సయితే రైలు బయల్దేరడానికి నాలుగయిదు నిమిషాల ముందు స్టేషన్ చేరాలి. సాయంత్రం మాత్రం రైలు ఆలస్యమైతే బస్సు ఆగాలి. దీనికోసం డ్రైవర్‌కు మూడు నాలుగు నిమిషాల వెసులుబాటు టైంటేబుల్‌లోనే రాయాలి, లేకపోతే ఆగినందుకు ఆయన్నే తిడతారు. చివరి బస్సు సమయం కూడా ముఖ్యం. చివరి రైలు 11కు వచ్చి చివరి బస్సు 9కి పోతే, ఆలస్యం కావచ్చని అనుమానమున్న ఏ రోజైనా మనిషి పొద్దునే బండి తీసుకెళ్తాడు.

అధికారుల దగ్గరికి వినతిపత్రం కంటే ఈ కాగితం పట్టుకెళ్లండి: ఎన్ని ఇళ్లలో జనం దిగారు, ఎంతమంది ఏ గంటకు ఎటు వెళ్తున్నారు, ఎన్ని బస్సులు కావాలి. రెండు వారాంతాల్లో చేయగలిగే పని అది.

ప్రశ్న: ఇల్లు కొనేముందు ప్రయాణ సమయం ఎలా పరీక్షించాలి?

జవాబు: బడులు నడుస్తున్న రోజుల్లో, మామూలు పనిదినాన, మీరు నిజంగా బయల్దేరే గంటకు. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా చేయాలి, అదే ఎక్కువ చెడ్డగా ఉంటుంది. గుమ్మం నుంచి గుమ్మానికి కొలవండి: నడక, ఎదురుచూపు, బస్సు, మెట్లు, రైలు, మళ్లీ నడక. ఎదురుచూపుకు బస్సుల మధ్య వ్యవధిలో సగం వేసుకోండి. ఆదివారం పూట సైటు చూపించడానికి కారు పంపించే వాళ్ల లెక్క పరిగణించొద్దు.

ప్రశ్న: క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, జిమ్, ఓపెన్ థియేటర్ అన్నీ ఉన్నాయి, నెల మెయింటెనెన్స్ మాత్రం చాలా తక్కువ. ఇది నిలుస్తుందా?

జవాబు: బిల్డర్ అప్పగించేంతవరకు నిలుస్తుంది. ఇళ్లు అమ్ముడుపోవాలి కాబట్టి అప్పటిదాకా లోటు ఆయనే భరిస్తాడు. అప్పగించాక రెండు మూడేళ్లకు వస్తువుల వారంటీలన్నీ దాదాపు ఒకేసారి తీరతాయి, అప్పుడు మొదటి పెద్ద గొడవ మొదలవుతుంది.

నెల ఖర్చు వేరు, మార్చే ఖర్చు వేరు. ప్రతి వస్తువుకూ దాన్ని మార్చే ఖర్చును, మిగిలిన ఆయుష్షుతో భాగించండి. మార్చడానికి 120 పాళ్ల ఖర్చయి, ఇంకా పదేళ్లు పనిచేసే పంపుకు ఏడాదికి 12 పాళ్లు, నెలకు ఒకటి పక్కన పెట్టాలి. పూల్ ఫిల్టర్‌లోని ఇసుక అయిదారేళ్లకు మార్చాలి. పంపులు, ఆటస్థలంలో పరిచిన రబ్బరు నేల పదేళ్ల అటూ ఇటూ. లిఫ్టులు, పైకప్పు మీది నీరు దిగకుండా వేసే పొర ఇరవై ఏళ్ల లోపు. ఇలా పట్టిక వేసి కూడితే వచ్చే నెల మొత్తాన్ని ఇళ్ల సంఖ్యతో భాగించి, ఇప్పటి మెయింటెనెన్స్‌కు కలపండి. ఆ అంకె భరించగలిగితేనే కొనండి. ఈ డబ్బు కార్పస్ ఫండ్ పేరుతో విడి ఖాతాలో ఉండాలి. రోజువారీ జీతాల ఖాతాలో కలిసిందంటే అది మళ్లీ కనిపించదు.

అప్పగింత రోజున తాళాల గుత్తితో సంతృప్తిపడొద్దు. కట్టినది కట్టినట్టుగా గీసిన డ్రాయింగులు తీసుకోవాలి. భూమిలో నీటి, మురుగు, కరెంటు లైన్లు ఏ లోతున ఏ వైపు పోయాయో అందులో ఉండాలి. ప్రతి వాల్వుకూ నంబరు వేసి, ఏది కట్టేస్తే ఏ వీధికి నీళ్లు ఆగుతాయో పట్టిక రాయించుకోండి. ఆ పట్టిక లేనిచోట ఒక పైపు పగిలితే ఊరంతా నీళ్లు కట్టేసి వెతుక్కోవడమే.

ప్రశ్న: మా పార్కు మధ్యలో చెరువుందని ఆ వైపు ఇంటికి ఎక్కువ పెట్టాం. ఇప్పుడు ఆకుపచ్చ పాచి, వాసన. ఇది మామూలేనా?

జవాబు: ప్లాన్‌లో చూడండి, అది బహుశా వాన నీటిని ఆపి మెల్లగా వదలడానికి తవ్విన గుంట. కాలిబాటలు, కప్పులు, రోడ్లు వేశాక నేలలో ఇంకని నీరంతా ఒక్కసారిగా దిగువకు పోకుండా అది కాపలా. చూడటానికి చెరువు, చేసేది కాలువ పని. పక్కన ఇంకా కట్టుబడి సాగుతుంటే, తవ్విన మట్టి ప్రతి వానకూ అందులోకే చేరుతుంది. లోతు తగ్గి నీరు వేడెక్కుతుంది, పచ్చికలకు వేసిన ఎరువు కూడా వచ్చి చేరితే పాచికి పండగే.

నీరు లోపలికి వచ్చే చోట చిన్న పూడిక గుంట ఉండాలి. అందులో గుర్తులు వేసిన కర్ర పాతి, పూడిక సగం లోతుకు రాగానే తీయించండి. పెద్ద గుంటంతా పూడిపోయేదాకా ఆగితే ఖర్చు చాలా రెట్లు. తూము దగ్గర చెత్త జల్లెడను ప్రతి పెద్ద వాన తర్వాతా శుభ్రం చేయాలి. అది మూసుకుపోతే గుంట నిండి, నీరు మీ పెరడు వైపే అలుగు వెతుక్కుంటుంది. పైనున్న సైట్లలో మట్టి కొట్టుకుపోకుండా అడ్డుకట్టలు వేయించే బాధ్యత బిల్డర్‌ది. ఫొటోలు తేదీతో తీసి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫౌంటెన్ పెట్టిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పూడిక తీయకుండా ఫౌంటెన్ పెడితే బురద పైకి చిమ్ముతుంది.

ప్రశ్న: చివర మూసుకుపోయే వీధిలో ఇల్లు తీసుకోవాలా, రెండు వైపులా దారున్న వీధిలోనా?

జవాబు: మూసిన వీధి పిల్లలు ఆడుకోవడానికి ప్రశాంతం. అయితే దాని చివర నడిచేవాళ్లకూ సైకిళ్లకూ సందు ఉండాలి. మూడు మీటర్ల వెడల్పు, దీపాలు, ఈ కొస నుంచి ఆ కొస కనిపించే సూటి దారి. వంకర తిరిగిన సందులో సాయంత్రం ఎవరూ నడవరు, తర్వాత ఎవరో భద్రత పేరుతో గేటు పెట్టి తాళం వేస్తారు. తాళం పడ్డ రోజున వెనక వీధిలో 200 మీటర్లలో ఉన్న బడి చుట్టూ తిరిగితే కిలోమీటరు దూరమవుతుంది. ఆ సందు ప్రజా దారిగా రిజిస్టరై ఉందో, అసోసియేషన్ సొంత స్థలమో కొనేముందే చూసుకోండి. ప్రజా దారి అయితే తాళం వేసే హక్కు ఎవరికీ ఉండదు.